ఫూర్నియేల ఊళ్లో ఫిలిబెర్త్

మా సెర్వెరియు నడివీధిలో నిలబడి "ఫూర్నియే!" అని ఒక్క కేక వేసి చూడండి. ఊళ్ళో కిటికీలన్నీ తెరుచుకుంటాయి. తెరుచుకోనివి రెండే ఉంటాయి. ఒకటి చర్చి ఫాదరుగారిది, ఆయన పైఊరి మనిషి. రెండోది నాది. నా ఇంటిపేరు పెరాషోన్. ఆంబెరియు నుంచి ఈ కొండ మీది పోస్టాఫీసుకు బదిలీ మీద వచ్చాను. రెండేళ్ళు ఓపిక పట్టి వెళ్ళిపోదామనుకున్నదాన్ని, జుట్టు నెరిసేదాకా ఇక్కడే పడి ఉన్నాను. ఊరంతటికీ ఒకే ఇంటిపేరు ఉన్నచోట ఉత్తరాలు విడదీయడం ఎలాంటి శిక్షో మా పైఅధికారులకు తెలియదు. తెలిసి ఉంటే దొంగల్ని జైలుకు పంపడం మానేసి నా కుర్చీలో కూర్చోబెట్టేవారు.

ఫూర్నియే అంటే బట్టీవాడు. పూర్వం ఇక్కడ కొండ మీద ఒక దొర ఉండేవాడు. ఊరికంతా ఒకటే రొట్టెల బట్టీ, అది దొరగారిది. ఎవరైనా ఇంట్లో సొంతంగా రొట్టె కాల్చుకుంటే జరిమానా. పిండి పిసికి, నెత్తిన పెట్టుకుని, దొరగారి బట్టీకే మోసుకుపోవాలి. అక్కడ దొర పెట్టిన మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. కాల్చిపెట్టినందుకు ప్రతి ఇంటి పిండిలోంచీ ఒక ముద్ద గిల్లుతాడు. దొరకో ముద్ద, తనకో ముద్ద, ఎవరూ చూడకపోతే ఇంకో ముద్ద. కరువు వచ్చి ఊరంతా డొక్కలు ఎండినప్పుడు కూడా పొట్ట తగ్గని మహానుభావుడు ఆయనొక్కడే. తిండి ఉన్న కొంపలో పిల్లలు బతుకుతారు, అలాగే బతికారు. వాళ్ళ పిల్లలూ బతికారు. మిగతా ఇంటిపేర్ల వాళ్ళు కొందరు పోయారు, కొందరు లియోన్‌లో పట్టుమగ్గాలు వెతుక్కుంటూ దిగిపోయారు. చివరికి మిగిలింది పిండి గిల్లినవాడి సంతానం. వాళ్ళిప్పుడు మీసాలు దువ్వుకుంటూ వంశగౌరవం గురించి మాట్లాడతారు.

నిజానికి ఇందులో మా ఊరి ప్రత్యేకత ఏమీ లేదు. ప్రతి దొరకూ ఒక బట్టీ, ప్రతి బట్టీకీ ఒక మనిషి. అందుకే ఫ్రాన్సులో ఏ మూలకు వెళ్ళినా ఫూర్నియేలు తగులుతారు, ఒకరికొకరు ఏమీ కారు. ఈ మాట మా బడిపంతులు ఒకసారి కాఫీ దుకాణంలో నోరు జారి అన్నాడు. ఊట దగ్గర ఇంటి క్లోదియూస్ ఫూర్నియే లేచి నిలబడ్డాడు.

"ఏం మాట్లాడుతున్నావయ్యా పంతులూ? వాళ్ళంతా మన బట్టీలోంచి పోయినోళ్ళే. పారిస్‌లో ఫూర్నియే ఉన్నాడంటే వాడి ముత్తాత ఇక్కడ చీమిడి తుడుచుకున్నోడే!"

పంతులు గ్లాసులో మొహం దాచుకున్నాడు. ఆ తర్వాత ఆయన చరిత్ర పాఠం పిల్లలకే పరిమితం చేశాడు.

ఇంకో విడ్డూరం చెప్పాలి. ఈ బట్టీవాళ్ళ ఊరికి రోజూ రొట్టెలు తెచ్చేది లోయలోంచి వచ్చే వ్యాను. ఆ వ్యానువాడి ఇంటిపేరు లఫెవ్ర్, అంటే కమ్మరి. కమ్మరి కాల్చిన రొట్టె కొనుక్కు తింటూ బట్టీవాళ్ళు తమ రక్తంలోనే పిండి ఉందని చెప్పుకుంటారు. ఊరి బట్టీ వెలిగేది ఏడాదికి ఒక్కసారి, జూన్ నెలలో వచ్చే పండగకు.

అందరిదీ ఒకే పేరైనప్పుడు మనిషిని పోల్చుకునేది ఇంటి ముద్దుపేరుతో. ఊట దగ్గరోళ్ళు, మేకలోళ్ళు, గంటోళ్ళు, పచ్చిపిండోళ్ళు. నోటితో పిలిచేటప్పుడు ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా ఉంటుంది. ప్రభుత్వం మాత్రం కవరు మీద "మేకలోళ్ళ" అని రాయదు కదా.

నేను చెప్పబోయేది ఊట దగ్గరోళ్ళ ఫిలిబెర్త్ కథ. క్లోదియూస్ ఒక్కగానొక్క కూతురు. వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళూ ఫూర్నియేలే, వేరేవాళ్ళను ఎక్కడ తేగలరు? పిల్ల పొడుగ్గా, చురుగ్గా, నోరు దురుసుగా ఉండేది. పదిహేడో ఏడు వచ్చేవరకు ఆమెకు తన ఇంటిపేరుతో ఏ పేచీ లేదు.

ఆ ఏడాది ఒక పన్ను కొద్దిగా పుచ్చిందని బెలే పట్నంలో పళ్ళడాక్టరు దగ్గరకు వెళ్ళింది. అదే రోజు మేకలోళ్ళ ఫిలిబెర్త్ ఫూర్నియే కూడా దవడ వాచి అక్కడికే వెళ్ళింది. లోపలి నుంచి "ఫిలిబెర్త్ ఫూర్నియే!" అని పిలుపు వచ్చింది. మన పిల్ల ముందు లేచింది. డాక్టరు చేతిలో ఉన్న కాగితం రెండో పిల్లది. అందులో పీకమని ఉంది, ఆయన పీకాడు. రాయిలాంటి దవడపన్ను, వేర్లతో సహా వచ్చింది. సంగతి బయటపడ్డాక ఆ పెద్దమనిషి "అవునూ, పుచ్చుపన్నుకు ఇంత పట్టు ఉందేమిటా అనుకున్నాను" అన్నాడట.

ఆ సాయంత్రం ఫిలిబెర్త్ రుమాలు దవడకు అదుముకుని సరాసరి నా కిటికీ దగ్గరకు వచ్చింది. కాగితంలో చుట్టిన పన్నును నా ముందు పెట్టింది.

"చూడు పోస్టమ్మా. నా పన్ను."

"అయ్యో తల్లీ, నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు, మంట. ఈ దిక్కుమాలిన ఇంటిపేరు నా పన్ను మింగేసింది. రేపు గుండె ఆపరేషనంటే ఎవరి గుండె కోస్తారో! ఇదిగో, నీ ముందు ఒట్టు పెడుతున్నా. ఫూర్నియేని మాత్రం చచ్చినా చేసుకోను."

"మరెవర్ని చేసుకుంటావే?"

"ఎవడైనా సరే. బట్టతలైనా, బానపొట్టైనా పర్లేదు. ఇంటిపేరు వేరేదైతే చాలు."

చిన్నపిల్ల కోపం, వారంలో చల్లారుతుందని అనుకున్నాను. ఆ పిల్లని నేను అర్థం చేసుకోలేదు. కొందరు దేవుడి మీద ఒట్టు పెట్టి మర్నాడే మరిచిపోతారు. ఫిలిబెర్త్ పన్ను మీద పెట్టింది, ఆ సందు నాలుకకు తగిలినప్పుడల్లా గుర్తొచ్చేది.

క్లోదియూస్ సంగతి విని గుండెలు బాదుకున్నాడు.

"వందల ఏళ్ళ పేరే అది! రాజులు పోయారు, దొరలు పోయారు, మన పేరు పోలా!"

"వందల ఏళ్ళుగా పక్కోళ్ళ పిండి తింటున్నాం, ఇంక చాల్లే నాన్నా."

ఇంట్లో తండ్రీకూతుళ్ళు అలా అరుచుకుంటూ ఉండగా ఊళ్ళో ఒకడు నోరు మెదపకుండా మాడిపోతున్నాడు. వాడు పచ్చిపిండోళ్ళ ఆంతెల్మ్ ఫూర్నియే. పాలబండి తోలేవాడు. ఇంటింటికీ ఆగి పాలు ఎత్తుకుని జున్ను కేంద్రానికి చేరవేయడం వాడి పని. మిగతావాళ్ళు పాలక్యాన్లు తామే బండి దాకా మోసుకురావాలి. ఊట దగ్గర ఇంటి క్యాను మాత్రం ఆంతెల్మ్ దిగి వెళ్ళి తెచ్చుకునేవాడు. దారి ఇరుకు, బండి వెనక్కి తిప్పడం కష్టం అని ఏదో చెప్పేవాడు. మా ఊళ్ళో అంతకంటే వెడల్పు దారి లేదు.

వాళ్ళకు పచ్చిపిండోళ్ళని పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే నల్లగింజ సంగతి చెప్పాలి. పండగకు ముందు బట్టీ ఎవరు వెలిగించాలన్నది పెద్ద తగువు. ఏడాదంతా చల్లబడి, చెమ్మ పట్టిన రాళ్ళవి. మొదట వెలిగించేవాడు తన కట్టెలే తగలెయ్యాలి, పొగంతా వాడే మింగాలి, ఇంత చేసి వాడి రొట్టె అడుగున మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చేవాళ్ళకు వేడి కుదిరి బంగారంలాంటి రొట్టెలు వస్తాయి. అందుకని మేయరు టోపీలో ఇంటికొక చిక్కుడుగింజ వేస్తాడు, అన్నీ తెల్లవి, ఒక్కటే నల్లది. నల్లగింజ వచ్చిన ఇల్లు మొదటి వంతు. ఆంతెల్మ్ తాతకు అది వచ్చిన ఏడు, ఆయన ఆ పచ్చిరొట్టెను భక్తిగా అప్పటి ఫాదరుగారికి సమర్పించుకున్నాడు. ఫాదరుగారు మొహమాటానికి తిన్నారు, ఆదివారం పూజ చెప్పడానికి లేవలేకపోయారు. అప్పటి నుంచి వాళ్ళు పచ్చిపిండోళ్ళు.

నల్లగింజకు ఇంకో కట్టుబాటు ఉంది. పెళ్ళయినదానికి వస్తే మొగుడు తీసుకుంటాడు, పెళ్ళికాని పిల్లకు వస్తే తండ్రి తీసుకుంటాడు. తండ్రి కాకుండా బయటి మగవాడెవడైనా పెళ్ళికాని పిల్ల అరచేతిలోంచి ఆ గింజ తీసుకున్నాడా, ఇక మాటలు అక్కర్లేదు, పెళ్ళి ఖాయమైనట్టే. మేయరు దగ్గర సంతకాలు, చర్చిలో గంటలు, అవన్నీ తర్వాత తీరిగ్గా. ఈ కట్టుబాటు ఎవరూ ఎవరికీ చెప్పరు. ఊళ్ళో పుట్టిన పిల్లికి కూడా తెలుసు.

ఆంతెల్మ్ ఒకరోజు ధైర్యం చేశాడు. నా పోస్టాఫీసు ఎదుటే బండి ఆపి, క్యాను కింద పెట్టి, టోపీ చేత్తో నలుపుతూ అడిగాడు.

"ఫిలిబెర్త్, నన్ను చేసుకుంటావా?"

"నీకేం తక్కువ ఆంతెల్మ్, మంచోడివి. ఒక్కటే ఎక్కువ, ఆ ఇంటిపేరు. అది మార్చుకున్న రోజు రా."

అక్కడితో తేలిపోయిందని అందరం అనుకున్నాం. మూడో రోజు వాడు ఆదివారం కోటు తొడుక్కుని బెలే ప్రభుత్వ కచేరీకి వెళ్ళాడు. పాలబండి తోలేవాడు, పేరు మార్చుకోవడానికి! అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి అడిగాడట, నీ పేరు బూతా అని. కాదన్నాడు. వింటే జనం నవ్వుతారా అన్నాడట. లేదన్నాడు. ఇంకేం కారణం ఉంది అంటే, "ఒక పిల్ల ఉందండీ" అన్నాడట. దేశంలో ఫూర్నియేలందరికీ పిల్లలుంటారు, అందరూ ఇలా వస్తే మేం భోజనానికి ఎప్పుడు వెళ్ళాలి అని గుమాస్తా తలుపు చూపించాడు. మా ప్రభుత్వం భోజనం విషయంలో ఎప్పుడూ రాజీపడదు.

వాడు తిరిగొచ్చేసరికే ఊరంతా తెలిసిపోయింది. వాళ్ళమ్మ లెయోంతీన్ వాకిట్లో నిలబడి దుమ్మెత్తిపోసింది.

"ఒరేయ్, నీ అయ్య పేరు అంత బరువైందిరా నీకు? పో, ఆ పళ్ళు ఊడినదాని కొంపలోనే పడుండు!"

ద్రాక్ష కోతలు అయిపోయేదాకా ఆవిడ కొడుకుతో మాట్లాడలేదు. సూపు మాత్రం గిన్నె శబ్దం వచ్చేలా ముందు పడేసేది.

ఫిలిబెర్త్ ఈ కథంతా నా కిటికీ దగ్గరే విన్నది. మొదట పకపకా నవ్వింది.

"నిజంగా వెళ్ళాడా? కోటు వేసుకుని?"

"వెళ్ళాడే. బూట్లకు రంగు కూడా వేశాడు."

నవ్వు ఆగిపోయింది. స్టాంపులు కొనడానికి వచ్చింది, కొనకుండానే వెళ్ళిపోయింది. నాకు ఆ పిల్ల మీద ఒళ్ళు మండింది. ఊళ్ళో ఎవడూ నోటితో కూడా అనలేని మాటను వాడు కచేరీ దాకా మోసుకెళ్ళాడు, ఈవిడకేమో ఒట్టు పోతుందని భయం. మర్నాడు క్యాను ఇచ్చేటప్పుడు మాత్రం "జాగ్రత్త, మూత వదులుగా ఉంది" అందట. వాడు ఆ ముక్కను వారం రోజులు నెమరేసుకున్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఫిలిబెర్త్‌కు ఇరవై ఏడు వచ్చాయి. అప్పుడు దిగాడు శ్రీమాన్ రెజిస్ తవెర్నియే.

బెలేలో ఇన్సూరెన్సు కంపెనీ మనిషి. కొట్టాలకు, పశువులకు, వడగళ్ళకు బీమా రాయించడానికి చిన్న కారులో కొండెక్కి వచ్చాడు. తెల్ల చొక్కా, టై, సువాసన నూనె. బట్టతల లేదు, బానపొట్ట లేదు. అన్నిటికంటే మించి, ఇంటిపేరు తవెర్నియే. అంటే సారాయి దుకాణం వాడని అర్థం. ఫిలిబెర్త్ ఆ పేరును మిఠాయిలా చప్పరించింది. పేరు కింద ఉన్న మనిషి గురించి నేను అడిగితే "బాగానే ఉంటాడు" అని మాట మార్చింది.

పెళ్ళిచూపులు అనుకోండి, ఒక ఆదివారం అతన్ని భోజనానికి పిలిచారు. క్లోదియూస్ తన తోటలో ద్రాక్ష పండించి, తన నేలమాళిగలో దాచుకున్న వైను సీసా తీసి, బట్టతో తుడిచి, గ్లాసులో పోశాడు. తవెర్నియే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"క్షమించండి, నేను పుచ్చుకోను. మంచినీళ్ళు చాలు."

క్లోదియూస్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఇంటికొచ్చిన మనిషి తన ద్రాక్షసారాయిని కాదనడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"జబ్బేమైనా ఉందా బాబూ?"

"లేదండీ. ఆరోగ్యం కోసమే."

"నాన్నా, ఊరుకో," అంది ఫిలిబెర్త్. "తాగకపోతే ఏం? ఇంటిపేరులో ఉందిగా."

ఆ ఇంటిపేరు కోసమే పెళ్ళి ఖాయమైంది. పండగ వెళ్ళాక ముహూర్తం. క్లోదియూస్ రెండు రోజులు అన్నం ముట్టలేదు, తర్వాత కట్నంగా అడక్కుండానే కొట్టానికి బీమా చేయించుకున్నాడు. ఆంతెల్మ్ మామూలుగానే దిగి వచ్చి క్యాను పట్టుకుపోయేవాడు. ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఇంకా ఎందుకురా మోస్తావు? ఆ టైవాణ్ణి మోసుకోమను" అన్నాను.

"చొక్కా పాడైపోద్ది పోస్టమ్మా, పాపం," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం చెయ్యాలి?

పండగకు ముందు సాయంత్రం, పాలు పితకడం అయిపోయాక, ఊరంతా బట్టీ ముందు చేరింది. మేయరు, ఆయనా ఫూర్నియేనే, గంటోళ్ళ మనిషి, టోపీ పట్టుకుని నిలబడ్డాడు. తవెర్నియే కూడా వచ్చాడు, కాబోయే అల్లుడు కదా. పొగచూరిన గోడకు చొక్కా తగలకుండా బెత్తెడు దూరంలో నిలబడ్డాడు. క్లోదియూస్‌కు నడుము పట్టేయడంతో ఇంటి తరఫున ఫిలిబెర్త్ టోపీలో చెయ్యి పెట్టింది. చెయ్యి తీసి విప్పింది. అరచేతిలో నల్లగింజ.

"హమ్మయ్య!" అంది లెయోంతీన్, ఈ ఏడు తన ఇల్లు తప్పించుకున్నందుకు.

క్లోదియూస్ నడుము మీద చెయ్యేసుకుని దర్జాగా పక్కకు జరిగాడు.

"నాకేం పని ఇంక? అల్లుడుగారున్నారు. రండి బాబూ, మీదే."

"ఏం చెయ్యాలండీ?" అన్నాడు తవెర్నియే.

మేయరు వివరించాడు. తెల్లవారక ముందే రావాలి, కట్టెలు తెచ్చుకోవాలి, మంట పెట్టాలి, రాళ్ళు నలుపు వదిలి తెల్లబడేదాకా కూర్చోవాలి, బూడిద ఊడ్చాలి. పనంతా వివరించాడు. గింజ పుచ్చుకుంటే ఏమిటో, ఇంకొకడికి వదిలేస్తే ఏమిటో మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని ఆయనకు తట్టలేదు. తలలు పండినవాళ్ళు అంతమంది ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదు. అది తెలియని మనిషి కూడా భూమ్మీద ఉంటాడని మా ఊరు ఎన్నడూ అనుకోలేదు.

తవెర్నియే మసిని చూశాడు, తన చొక్కాను చూశాడు. ఎదురుగా చేతులకు పాలమరకలతో నిలబడ్డ ఆంతెల్మ్‌ను చూశాడు. మొహం విప్పారింది.

"ఈయన ఇలాంటి పనులకు అలవాటుపడ్డ మనిషిలా ఉన్నాడు. ఫిలిబెర్త్, ఆ గింజేదో ఆయనకిచ్చెయ్. పొద్దున్నే మనం మా పిన్ని వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాలి కదా."

క్లోదియూస్ నోట్లోంచి పైపు జారి రాళ్ళ మీద పడి పగిలింది. లెయోంతీన్ శిలువ గుర్తు వేసుకుంది. కట్టుకోబోయేవాడు, ఊరందరి ముందు, తన నోటితోనే తన పెళ్ళికూతుర్ని ఇంకొకడి చేతిలో పెట్టాడు. ఆయన మాత్రం చక్కగా నవ్వుతూ నిలబడ్డాడు. తన తెలివికి జనం నోట మాట రాలేదనుకున్నాడు కాబోలు.

ఆంతెల్మ్ చెయ్యి దానంతట అదే లేచింది. సగం దూరం వచ్చాక వాడు దాన్ని చూసి, గబుక్కున జేబులో దోపుకున్నాడు.

"ఫిలిబెర్త్, ఆయన పైఊరాయన. తెలీక అన్నాడు. చెప్పెయ్, దిద్దుకుంటాడు."

"నీకొద్దా?"

"ఎదుటోడి పొరపాటు మీద దొరికేది నాకొద్దు."

వాడి మొహం కందిపోయింది, కళ్ళు నేల మీద ఉన్నాయి. నేను అన్నీ వెటకారంగా చూసే మనిషిని, ఒప్పుకుంటాను. ఆ నిమిషాన మాత్రం రుమాలు వెతుక్కున్నాను. ఒక్క మాటతో ఫిలిబెర్త్ సర్దేయవచ్చు. అందరూ నవ్వేసి ఊరుకునేవాళ్ళు, తవెర్నియే చొక్కా విప్పి పొయ్యి దగ్గర కూర్చునేవాడు, ఆమెకు కావలసిన పేరు ఆమెకు దక్కేది. పదేళ్ళు కాచుకున్న పేరు.

ఆమె ఆంతెల్మ్‌ ముందుకు వెళ్ళి నిలబడింది.

"చెయ్యి తియ్యి."

"ఆయనకి తెలీదు ఫిలిబెర్త్..."

"ఆయనకి తెలీకపోతే నాకు తెలుసుగా. ఇది ఆయన ఇవ్వడం కాదు, నేనిస్తున్నా. తియ్యి."

"నా పేరు అదే. మార్చరంట. అడిగొచ్చా."

"తెలుసురా మొద్దూ, కోటు వేసుకుని మరీ వెళ్ళావంటగా. తీసుకుంటావా, ఇంత జనంలో నా పరువు తీస్తావా?"

వాడు తీసుకున్నాడు. జనం ఒక్కసారిగా గోల చేశారు. లెయోంతీన్ "ఇదే దొరికిందా వీడికి" అంటూనే ఏడ్చింది, ఏడుస్తూనే కోడలిని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. తవెర్నియే నా వైపు తిరిగి సంతోషంగా అన్నాడు:

"చూశారా మదాం, ఎంత తేలిగ్గా తేలిపోయిందో!"

అసలు సంగతి ఆయనకు చెప్పే పుణ్యం క్లోదియూస్ కట్టుకున్నాడు. భుజం మీద చెయ్యేసి నేలమాళిగకు తీసుకెళ్ళాడు. పైకి వచ్చేసరికి బెలే ఇన్సూరెన్సు మనిషి టై చెవి మీద ఉంది, పాట పాడుతున్నాడు. మొత్తానికి ఆయన కూడా ఇంటిపేరు నిలబెట్టుకున్నాడు.

మర్నాడు మొదటి రొట్టె అడుగున బొగ్గు, నడుమ పిండి. ఆంతెల్మ్, ఫిలిబెర్త్ బట్టీ గట్టు మీద కూర్చుని ఒక్క ముక్క వదలకుండా తిన్నారు. ఫాదరుగారికి ఇవ్వలేదు, ఆ కుటుంబం అంత మాత్రం నేర్చుకుంది.

పెళ్ళిలో ఫూర్నియే మేయరు ఫూర్నియే పిల్లనూ ఫూర్నియే పిల్లాణ్ణీ, ఫూర్నియేలు సాక్షులుగా, కలిపాడు. చదివి వినిపించేసరికి ఆయనకే తల తిరిగి, మధ్యలో ఆగి మంచినీళ్ళు అడిగాడు. ఆ తర్వాత నా బతుకు ఇంకా హీనమైంది, మేకలోళ్ళ ఫిలిబెర్త్ కూడా ఫూర్నియేనే చేసుకుంది మరి. మన ఫిలిబెర్త్ పట్నంలో ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, కుర్చీలో కూర్చోకముందే తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊట దగ్గరోళ్ళ పిల్లనని గడగడా చెప్పి, డాక్టరు చేత అప్పచెప్పించుకుని గానీ నోరు తెరిచేది కాదు. మొగుడితో తగువు వచ్చిన ప్రతిసారీ "నీ ఇంటిపేరు కోసం పదేళ్ళు పాడు చేసుకున్నా" అనేది. "నీదీ అదేగా" అనేవాడు వాడు. తగువు అక్కడ ఆగేది, మళ్ళీ మర్నాడు మొదలయ్యేది. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ ఫూర్నియేలే, ఏం చేస్తాం. ఆంతెల్మ్ మాత్రం పాలబండి మానేసేదాకా ఊట దగ్గర ఇంటి క్యాను దిగి వెళ్ళే తెచ్చాడు.

పోయిన చలికాలంలో ఆంతెల్మ్ చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు, ఎక్కువ రోజులు బాధపడలేదు. మంచు కరిగాక సమాధి రాయి పెట్టించడానికి బెలే నుంచి రాయి చెక్కే ఆయన వచ్చాడు. ఫిలిబెర్త్ నన్ను తోడు తీసుకెళ్ళింది. ఇప్పుడు ఆమె కర్ర పట్టుకుని నడుస్తుంది, నోరు మాత్రం వంగలేదు.

ఆయన రాయిని కొలిచి, పెన్సిలుతో గీతలు గీశాడు.

"ఆంతెల్మ్ ఫూర్నియే. కింద మీకోసం చోటు వదులుతాను అమ్మగారూ. మీ పేరు ఇప్పుడే చెక్కేస్తే తేదీ ఒక్కటే మిగులుతుంది. ఫిలిబెర్త్ ఫూర్నియే, అంతేనా?"

"పుట్టింటిపేరు కూడా వెయ్యాలి."

"ఏమిటండీ అది?"

"ఫూర్నియే."

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకుని మొహమాటంగా నవ్వాడు. "ఒకే పేరు రెండుసార్లు ఎందుకమ్మా, చూడ్డానికి బాగోదు. ఒక్కసారి వేస్తే సరిపోతుంది. ఎలాగూ రెండూ ఒకటేగా?"

నేను పక్కకు చూశాను, ఇక ఈయన పని అయిపోయిందని. ఫిలిబెర్త్ మాత్రం అరవలేదు. కర్రను రాయికి ఆనించి, ఆంతెల్మ్ పేరు మీది పెన్సిలు గీతను వేలితో తడిమింది.

"ఒకటి కాదయ్యా. మొదటిది నన్ను అడక్కుండా తగిలించారు. రెండోది ఊరందరి ముందు నేనే కోరి తీసుకున్నా. రెండూ చెక్కు, రెండోది కాస్త లోతుగా చెక్కు."